అలారాల మధ్య ఆపరేటర్

సొంత సర్వర్లు కొన్ని, అద్దెకు తీసుకున్న క్లౌడ్ కొంత: హైబ్రిడ్ డేటా సెంటర్ అంటే ఇదే. రెండింటినీ కలిపి నడపడం ఆషామాషీ పని కాదు. ఒక్క స్విచ్ మొరాయిస్తే చాలు, దాని మీద ఆధారపడ్డ సర్వర్లన్నీ అలారాలు మోగిస్తాయి. తెర నిండా ఎర్రటి వరుసలే. వాటన్నిటినీ ఒకచోట చేర్చి, మూలం ఫలానా చోట ఉండొచ్చని కృత్రిమ మేధ ఇప్పుడు చెప్పగలుగుతోంది. ఆ మాట నమ్మాలా వద్దా అని తేల్చి, లేచి వెళ్లి కేబుల్ మార్చేది మాత్రం ఆపరేటరే.

అలారాల విషయంలోనే కాదు, కూలింగ్‌లోనూ కృత్రిమ మేధ సాయపడుతోంది. గూగుల్ తన డేటా సెంటర్లలో కూలింగ్‌కయ్యే కరెంటును తన కృత్రిమ మేధ సంస్థ డీప్‌మైండ్ సాయంతో 40 శాతం దాకా తగ్గించగలిగానని 2016లో ప్రకటించింది. మొదట్లో యంత్రం సలహా ఇచ్చేది, ఆపరేటర్లు అమలు చేసేవారు. 2018 నాటికి, ప్రతి 5 నిమిషాలకూ వేలాది సెన్సర్ల లెక్కలు చూసుకుని అదే నేరుగా కూలింగ్ నడపసాగింది. అయినా ఏ క్షణంలోనైనా పగ్గాలు వెనక్కి తీసుకునే వీలు ఆపరేటర్లకు ఉంచారు. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

హైదరాబాద్‌లోనూ డేటా సెంటర్లు పెరుగుతున్నాయి. వాటి యాజమాన్యాలకు ఒక మనవి: కొత్త సాఫ్ట్‌వేర్ కొనేముందు రాత్రి షిఫ్టు ఆపరేటర్లను అడగండి.