'సాల్ట్ రెయిన్' ఆల్బములో త్యాగరాజ కృతి

సంగీతమునకు ఎల్లలు లేవని మనము తరచుగా అనుచుందుము. నాదమునకు లేకపోవచ్చును, సాహిత్యమునకు మాత్రము కలవు. ఈ భేదమును సుశీలా రామన్ తొలి ఆల్బము 'సాల్ట్ రెయిన్' స్పష్టముగా తెలియజేయుచున్నది.

తమిళ దంపతులకు 1973లో లండనులో జన్మించిన ఈమె ఆస్ట్రేలియాలో పెరిగినది. బాల్యమున కర్ణాటక సంగీతము నేర్చి, యౌవనమున రాక్, బ్లూస్ గానము వైపు మరలినది. గిటారు వాద్యకారుడు సామ్ మిల్స్ తోడ్పాటుతో 2001లో వెలువడిన ఈ ఆల్బము, ఆ సంవత్సరము బ్రిటనులోని మెర్క్యురీ బహుమతి తుదిజాబితాలో చోటు పొందినది. స్వీయగీతముల సరసనే త్యాగరాజస్వామి 'నగుమోము', మైసూరు వాసుదేవాచార్యుల సంస్కృత కృతి 'మామవతు', అమెరికను గాయకుడు టిమ్ బక్లీ 1970 నాటి ఆల్బములోని 'సాంగ్ టు ది సైరన్' ఇందులో కలవు.

గిటారు, తబలాల నడుమ కృతిని పాడుట అపచారమని కొందరనవచ్చును. వయొలిను కూడ పాశ్చాత్యుల నుండియే వచ్చి మన కచేరీలో ఇంటి వాద్యమైనది గదా! ఈమె కంఠములోని గాంభీర్యము మెచ్చదగినది. బక్లీ పాటలో నావికుని పిలుచునది సముద్రకన్య. 'నగుమోము'లో దేవుని పిలుచువాడు భక్తుడు. ఈ రెండు పిలుపులను ఒక్కచోట కూర్చుట చక్కని ఊహ.

అయినను ఒక కొరత కలదు. 'నగుమోము' కేవలము విషాదగీతము కాదు, అందులో నిష్ఠూరమున్నది. నీ యానతి విని గరుడుడు వేగముగ బయలుదేరలేదా, నింగికి నేలకు బహుదూరమని సాకు చెప్పినాడా అని త్యాగయ్య స్వామినే నిలదీయును. ఆ చనువు తెలుగు పలుకుబడిలోనిది. ఈ గానమున వేదన నిండుగా వినవచ్చును గాని నిలదీత వినరాదు. మాటలు స్వరమునకు ఆధారములైనవే గాని ప్రశ్నలు కాలేదు.

పరభాషీయురాలు గనుక తప్పదందుమా? వాసుదేవాచార్యులు (1865–1961) కన్నడ దేశమువారు. తిరువయ్యారులో పట్నం సుబ్రహ్మణ్యయ్యరుకు శిష్యులై, తెలుగులో 'బ్రోచేవారెవరురా' వంటి కృతులు రచించిరి. భాష పుట్టుకతోనే రానక్కరలేదు, శ్రద్ధతోను వచ్చును. శ్రద్ధ లేనిచో పుట్టుకతో వచ్చినదియు పోవును.

1956లో హైదరాబాదు రాష్ట్రము విభజింపబడి బీదరు మైసూరు రాష్ట్రమున చేరినది. నాటి నుండి చిమ్కోడ్ వంటి ఊళ్లలోని తెలుగువారి ముందున్న పరీక్షయు ఇదియే. కన్నడమున చదువుకొను మన పిల్లవాడు శ్రుతి తప్పక ఈ కృతిని పాడి, గరుడుని ప్రస్తావన వచ్చినచోట తానేమి అడుగుచున్నాడో ఎరుగనిచో, లండను గాయనిని తప్పుపట్టు హక్కు మనకెక్కడిది? పాట నేర్పిననాడే దాని అర్థమును కూడ చెప్పుదము. అప్పుడే అది మన పాట యగును.