కారణము చెప్పని హెచ్చరిక

వెబ్ సర్వరు మందగించినప్పుడు దాని నిర్వాహకుడు కనెక్షనుల పట్టికను తెరచి చూచును. సంభాషణ ముగిసియు తొలగిపోక, ‘టైమ్-వెయిట్’ అను స్థితిలో వేలకొలది కనెక్షనులు అందు కనబడును. నేరమంతయు వానిదేయని తలచి, వానిని త్వరగా తుడిచివేయుటకు లినక్స్‌లోని ‘టీసీపీ-టీడబ్ల్యూ-రీసైకిల్’ అను అమరికను పలువురు చాలకాలము వాడిరి. ఈ చికిత్స ఎంతవరకు యుక్తమో విచారింతము.

ఈ నిరీక్షణ వృథా కాదు. 1981 నాటి టీసీపీ ప్రమాణపత్రము దానిని బుద్ధిపూర్వకముగానే విధించినది. కనెక్షనును ముందుగా ముగించిన పక్షము కొంతసేపు వేచియుండవలెను. అద్దె యిల్లు ఖాళీయైన మరునాడే క్రొత్తవారు దిగినచో, పాతవారి ఉత్తరములు వారి చేత బడును గదా! అట్లే దారిలో ఆలస్యమైన పాత ప్యాకెట్టు క్రొత్త సంభాషణలో చొరబడకుండుటకే ఈ గడువు. ప్రమాణపత్రము లెక్కన ఇది 4 నిమిషములు. లినక్స్‌లో 60 సెకనులు.

ఇది సర్వరును నిజముగా మందగింపజేయునా? బయటినుండి వచ్చెడి కనెక్షనుల విషయమున సాధారణముగా చేయదు. ఒక్కొక్కటి ఆక్రమించు మెమరీ స్వల్పము. సర్వరే మరియొక యంత్రమునకు, ఉదాహరణకు డేటాబేసుకు, మాటిమాటికి కనెక్షను తెరచి మూయుచున్నచో చిక్కు వచ్చును. లినక్స్ అందుకు మామూలుగా 32768 నుండి 60999 వరకు, అనగా 28,232 పోర్టు సంఖ్యలను ఉంచును. ప్రతిదియు 60 సెకనులు నిలిచిపోయినచో, ఒకే గమ్యమునకు సెకనుకు సుమారు 470 కనెక్షనులకు మించి తెరచుట సాధ్యము కాదు.

ఇక రీసైకిల్ లోపమును చూతము. ఒక చిరునామానుండి చివరగా వచ్చిన కాలముద్రను అది గుర్తుంచుకొని, వెంటనే అంతకంటె వెనుకటి ముద్రతో క్రొత్త అభ్యర్థన వచ్చినచో మారుపలుకక త్రోసివేసెడిది. ఒక పాఠశాలలోని 30 కంప్యూటర్లు ఒకే బహిరంగ చిరునామాతో బయటికి పోవుచున్నవనుకొందము. వాని కాలముద్రల లెక్కలు వేరువేరు. ఒక విద్యార్థికి పుట తెరచుకొనును, ప్రక్కవానికి తెరచుకొనదు. సర్వరు నిర్వాహకునికి మాత్రము పట్టిక శుభ్రముగానే కనబడును!

కెర్నెల్‌తో వచ్చిన వివరణపత్రము, నిపుణుల సలహా లేక దీనిని మార్చరాదని చెప్పి ఊరకుండెను. ఎందుకు మార్చరాదో చెప్పలేదు. మా ముఖ్యమైన ఆక్షేపణ ఇదియే. కారణము తెలియని హెచ్చరికను అవసరములో నున్నవాడు లక్ష్యపెట్టడు. తరగతి గదిలోనైనను ఇంతియే గదా! 2017లో వెలువడిన 4.12వ కూర్పునుండి ఈ అమరికనే తొలగించిరి. అది మంచి పనియే. కాని ఆ పత్రములో కారణమును ఒక్క వాక్యములో వ్రాసియుండినచో, పలువురు ముందే జాగ్రత్తపడియుందురు.

సరియైన మార్గము వేరు. ముందుగా పట్టికలోని స్థితులను విడివిడిగా లెక్కింపవలెను. ‘క్లోజ్-వెయిట్’ పెరుగుచున్నచో, అవతలి పక్షము ముగించినను మన ప్రోగ్రాము మూయలేదని అర్థము, దిద్దవలసినది ప్రోగ్రామును. బయటికి పోవుటకు పోర్టు సంఖ్యలు చాలనిచో, తెరచిన కనెక్షనునే మరల మరల వాడుకొనవలెను. లెక్కించి చూడకముందే మందు వేయరాదు.