బంతి ముట్టని పనివాడు

అమెరికన్ ఫుట్‌బాల్ చూస్తున్నంతసేపూ నా కళ్లు బంతి మీద ఉండవు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ముందు ఐదుగురు భారీ మనుషులు వరసగా వంగి ఉంటారు, ఆఫెన్సివ్ లైన్‌మెన్. నేను చూసేది వాళ్లలో ఎడమ కొసన ఉండే లెఫ్ట్ ట్యాకిల్‌ని. కుడిచేతి క్వార్టర్‌బ్యాక్ విసరడానికి ఒళ్లు తిప్పాడంటే ఎడమవైపు నుంచి దూసుకొచ్చేవాడు అతనికి కనిపించడు. ఆ వైపు కాపలా ఇతని పని.

మామూలుగా ముందుకు విసిరిన బంతిని పట్టే హక్కు కూడా లైన్‌మన్‌కు లేదు. క్రికెట్‌లో వికెట్‌కీపర్ ఖాతాలో బై పరుగులతోపాటు క్యాచ్‌లూ పడతాయి. ఇతని ఖాతాలో పడేవి దాదాపుగా తప్పులే. ప్రత్యర్థిని వదిలేస్తే శాక్, అంటే క్వార్టర్‌బ్యాక్ బంతితోనే నేలకూలడం; పట్టి లాగితే పది గజాల పెనాల్టీ.

ఈ విద్యలో నాకు బాగా నచ్చిన మనిషి జో థామస్. విస్కాన్సిన్ రాష్ట్రంలోని బ్రూక్‌ఫీల్డ్ ఊరివాడు, ఆడింది మాడిసన్‌లోని విస్కాన్సిన్ యూనివర్సిటీకి. ఆరడుగుల ఆరంగుళాల ఎత్తు, దాదాపు 140 కిలోల బరువు. అంత మనిషి వెనక్కి నడుస్తూ పని చేయాలి. ఎదుటివాడు ముందుకు పరిగెడుతుంటే ఇతను ఎడమ పాదం వెనక్కి జార్చి, కుడి పాదాన్ని దాని వెంట లాక్కుంటాడు. పాదాలు ఒకదాన్నొకటి దాటాయా, ఎదుటివాడి చిన్న తోపుకే పడిపోతాడు. చేతులు ఎదుటివాడి రొమ్ము మీదే పడాలి. ముందుగా చెయ్యి చాచినవాడు ముందుకు తూలతాడు, ఆలస్యం చేసినవాడు తోపు తింటాడు. ఇదంతా మూడు సెకన్లు అటూ ఇటూగా తేలిపోతుంది. థామస్ కాలేజీలో షాట్‌పుట్ కూడా విసిరేవాడు. ఆ పాదాల పొందిక షాట్‌పుట్ విసిరే వృత్తంలో కొంత కుదిరిందని నా అనుమానం.

కాలేజీలో మూడో ఏడాది చివర, 2006 జనవరిలో ఆబర్న్ యూనివర్సిటీతో క్యాపిటల్ వన్ బౌల్ మ్యాచ్. జట్టులో గాయాల వల్ల మనుషులు చాలక థామస్‌ని డిఫెన్స్‌లోనూ ఆడించారు. అక్కడే మోకాలి లిగమెంట్ తెగింది. అప్పట్లో కాలేజీ ఆటగాడికి స్కాలర్‌షిప్ వచ్చేదేగానీ తన పేరు మీద ప్రకటన డబ్బు తీసుకునే వీలు లేదు. ఆ నిబంధన 2021 దాకా మారలేదు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ కోట్లు ముందున్న కుర్రాడి మోకాలిని పరాయి స్థానంలో పణంగా పెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. థామస్ మాత్రం కోలుకుని నాలుగో ఏడాదీ ఆడాడు. జట్టు 12 ఆటలు గెలిచి ఒకటే ఓడింది. దేశంలోకెల్లా మేటి కాలేజీ లైన్‌మన్‌కిచ్చే అవుట్‌లాండ్ ట్రోఫీ అతనికి వచ్చింది.

2007లో ఎన్ఎఫ్ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ రోజున న్యూయార్క్ వేదిక ఎక్కకుండా తండ్రితో కలిసి మిషిగన్ సరస్సులో చేపలు పడుతున్నాడు. క్లీవ్‌ల్యాండ్ బ్రౌన్స్ మూడో ఎంపికగా తీసుకుంది. ఆ జట్టు ఓటములకు పెట్టింది పేరు. క్వార్టర్‌బ్యాక్‌లు వచ్చారు, పోయారు. థామస్ అక్కడే ఉన్నాడు. ఒక్క ప్లేఆఫ్ ఆట కూడా ఆడకుండానే రిటైరయ్యాడు. 2017 అక్టోబరులో ట్రైసెప్స్ కండరం తెగేదాకా వరసగా 10,363 స్నాప్‌లు (బంతి ఆటలోకి వచ్చే ప్రతిసారీ ఒకటి), ఒక్కటీ వదల్లేదు. లైన్‌మన్ పేరున నిలిచిన గొప్ప అంకె ఇదొక్కటే, అదీ హాజరుపట్టీలోది! 2023లో ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ ఒళ్లు. ఈ పనిలో తిండి కూడా సాధనే. ఆకలి ఉన్నా లేకున్నా తిని బరువు నిలుపుకోవాలి. ఆట మానేసినవాడికి ఆ బరువే గుండెకూ మోకాళ్లకూ శత్రువు. రిటైరయ్యాక థామస్ ఇరవై కిలోలకు పైగా తగ్గాడు. శాక్‌లు ఆపడం నేర్పే కోచ్‌లు ఫుట్‌బాల్ ఆడే ప్రతి కాలేజీలోనూ ఉంటారు. ఈ తగ్గడం మాత్రం చాలామంది లైన్‌మెన్ జీతమూ కోచూ రెండూ లేనప్పుడు, ఎవరికి వారే నేర్చుకోవాలి.