‘ఇయర్’ అను ఆంగ్ల క్రియ, ‘సేద్యము’ అను తెలుగు మాట

1611 నాటి కింగ్ జేమ్స్ ఆంగ్ల బైబిలులో ‘ఇయర్’ అను క్రియ అయిదు చోట్ల కనబడును (ఆది. 45:6, నిర్గమ. 34:21, ద్వితీ. 21:4, 1 సమూ. 8:12; యెషయా 30:24). దీని అర్థము దున్నుట. చెవికిగాని ధాన్యపు వెన్నుకుగాని దీనితో సంబంధము లేదు. ప్రాచీనాంగ్ల ‘ఎరియన్’ దీనికి మూలము. లాటిను ‘అరారే’ దీని జ్ఞాతి. షేక్స్‌పియర్ వాడిన ఈ క్రియ నేడు లుప్తప్రాయము.

నిర్గమకాండము 9:31లో యవల వెన్నుకు కూడ ‘ఇయర్’ అనియే ఉన్నందున, 34:21ని ‘వెన్ను తీయు కాలము’ అని బోధించుట సులభము. అప్పుడు విశ్రాంతి ఆజ్ఞలోని తీవ్రత పోవును. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో, ఆలంపూర్ పరిసరాల మెట్టరైతు పదునున్న నాలుగు దినములలోనే దుక్కి ముగించుకొనవలెను. ఆ దినములలో ఎద్దులను ఆపుమనుట ఎంత కఠినమో అతనికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంతకంటె పెద్ద లోపము వేరొకటున్నది. అయిదింటిలో మూడు చోట్ల హెబ్రీలో ‘హారష్’ (దున్ను) ధాతువున్నది. ద్వితీయోపదేశకాండములోను యెషయాలోను ఉన్నది ‘ఆబద్’, అనగా పనిచేయు, సేవించు. ‘ఎబెద్’ (దాసుడు) ఈ ధాతువునకు చెందినదే. ఏదెను తోటలో ఆదాము చేయవలసినదియు ఇదే (ఆది. 2:15). అక్కడ ఆంగ్లానువాదకులు ‘డ్రెస్’ అనిరి, కయీనును ‘టిల్లర్’ అనిరి, యెషయాలో ఎడ్లు చేయు పనిని ‘ఇయర్’ అనిరి. మూడు మాటలలో ఒకే ధాతువు కనుమరుగైనది. మన తెలుగు బైబిలు ఆ మూడు చోట్లను ‘సేద్యము’నే పట్టుకొనినది. ఈ విషయమున తెలుగే మేలు. తుంగభద్ర అవతలి కర్నూలు సీమలో సేద్యమనగా ఎద్దులతో చేయు దుక్కి; సేద్యగాడనగా ఆ పనికి కుదిరిన జీతగాడు. భూమి, పని, పరాధీనత ఒకే మాటలో ఇమిడినవి.

సమూయేలు హెచ్చరికలో రాజు పొలము దున్నుట 12వ వచనములోను, దాసులగుట 17వ వచనములోను ఉన్నవి. 1948 వరకు నిజాం ఏలుబడిలోనున్న ఈ తాలూకాలో, వెట్టి నెరిగిన కుటుంబములకు ఆ రెంటి మధ్య దూరమెంత తక్కువో తెలియును.

ద్వితీయోపదేశకాండములో నష్టము మరింత స్పష్టము. హంతకుడు తెలియని శవము పొలములో దొరికినప్పుడు పెద్దలు ఒక పెయ్యను లోయలోనికి తోలుకొనిపోవలెను. 3వ వచనములో పెయ్యకును 4వ వచనములో లోయకును హెబ్రీలో ‘ఆబద్’ ధాతువే: చాకిరి ఎరుగని పశువు, చాకిరి ఎరుగని నేల. ‘ఇయర్’ ఈ జంటను విడదీసినది. 1885 నాటి సవరణ అనువాదము యెషయాలో ‘టిల్’ అని దిద్దినను, ఇక్కడ ‘ప్లౌ’తోనే సరిపెట్టుకొనినది. తెలుగులో బోధించువాడు ఆ రెంటిని ఒక్క మాటతో మరల కలుపవచ్చును: సేద్యానికి కట్టని పెయ్య, సేద్యమెరుగని లోయ.