రాచకొండను చుట్టి రండి

రాచకొండకు పోయొచ్చామని చెప్పే మా ఇబ్రహీంపట్నం వాళ్లలో చాలామంది చూసింది ఆ కొండకు ఒక వైపే. కింద బండి ఆపి, కోట ద్వారాల గుండా పైకెక్కి, నాలుగు ఫొటోలు దిగి, ఎక్కిన దారినే దిగి, ఎండ ముదరకముందే ఇల్లు చేరతారు. నేను అడిగేది ఇంకొంచెం ఎక్కువ. ఎక్కిన దారిన దిగకండి. గోడ పట్టుకుని నడవండి, కొండ వెనక్కి తిరగండి, రెండో పక్క నుంచి దిగి, అడుగు బాటన బయలుదేరిన చోటికి చేరండి. ఒక పూట పడుతుంది. ఆ పూటలో తెలిసే కొండ వేరు.

చుట్టి రావడం మనకు కొత్త సంగతేమీ కాదు. ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు లక్షల మంది నడుస్తారు. కైలాస పర్వతం చుట్టూ 52 కిలోమీటర్ల పరిక్రమ ఉంది. ఆ శిఖరాన్ని ఎక్కాలని మాత్రం ఎవరూ అనుకోరు. ఐరోపాలో మోం బ్లాం పర్వతం చుట్టూ ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మీదుగా సుమారు 170 కిలోమీటర్ల కాలిబాటలో రోజుల తరబడి నడిచేవాళ్లు కూడా శిఖరం జోలికి పోరు. ఎక్కేవాడి చూపు కొన మీదే ఉంటుంది. చుట్టి వచ్చేవాడికి కొండ ప్రతి మలుపులో కొత్తగా కనబడుతుంది.

రాచకొండ దగ్గర ఈ మాట మరీ నిజం. ఇక్కడ మంచు లేదు, దేవదారు వనాలు లేవు. ఉన్నదంతా రాయి. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. భూమి లోపల ఎంతో లోతున గట్టిపడిన రాయి ఇది. పైనున్న బరువంతా కోట్ల ఏళ్లలో కొట్టుకుపోయేసరికి ఒత్తిడి తగ్గి, ఉల్లిపొరల్లా పగుళ్లు విచ్చుకున్నాయి. ఆ పగుళ్లలోకి నీళ్లు దిగి, మూలలన్నీ అరిగి, గుండ్లు మిగిలాయి. ఒకదాని మీద ఒకటి నిలబడ్డ ఆ గుండ్లను ఎవరో ఎత్తి పేర్చారని పిల్లలు అనుకుంటారు. ఎవరూ పేర్చలేదు. చుట్టూ ఉన్నది పోగా అవి ఉన్నచోటే ఉండిపోయాయి.

పరుపు బండ మీద నడుస్తూ మడమతో గట్టిగా తట్టి చూడండి. కొన్నిచోట్ల రాయి నిండుగా మోగుతుంది. రెండడుగులు పక్కకు జరిగితే బోలుగా మోగుతుంది. అక్కడ పైపొర కింది బండను వదిలేసిందన్న మాట. ఈ గుణం మన రాతిపని వాళ్లకు ఎప్పుడో తెలుసు. బండ మీద కట్టెలతో మంట పెట్టి, వేడికి పొర లేచాక సమ్మెటతో పలకలు తీసేవాళ్లు. భూగర్భ శాస్త్రం చెప్పేదాన్ని వాళ్లు చెవితో విని పట్టుకున్నారు.

కోట కట్టినవాళ్లూ ఈ రాతిని చదివినవాళ్లే. గోడల్లో సున్నం లేదు. ఒక్కో రాయి ఒక్కో తీరు, ఒక్కో కొలత. రాయి మూలను పక్క రాయి గుంటలో కూర్చోబెట్టి, బరువుతోనే బిగించారు. ద్వారాల్లో అటూ ఇటూ నిలువు రాళ్లు, పైన అడ్డంగా ఒకే దూలం రాయి. పెద్ద గుండు అడ్డొస్తే దాన్ని పగలగొట్టలేదు, గోడనే తెచ్చి దానికి ఆనించారు. కొండ ఎక్కడ నిటారుగా ఉందో అక్కడ గోడ అవసరమే పడలేదు. ఈ తెలివి ద్వారం దగ్గర నిలబడితే అంతుపట్టదు. గోడ వెంట నడిచినప్పుడే కట్టడం ఎక్కడ ఆగింది, కొండ ఎక్కడ అందుకుంది అన్నది చూడగలం.

కాకతీయ రాజ్యం 1323లో కూలాక, రేచర్ల పద్మనాయకులు 14వ శతాబ్దం నడుమ దీన్ని రాజధాని చేసుకున్నారు. ఆ వంశపు రాజు సర్వజ్ఞ సింగభూపాలుడు నాట్యశాస్త్రం మీద ‘రసార్ణవసుధాకరం’ రాసింది ఈ కొండల నడుమే. 2016లో ఏర్పడిన పోలీసు కమిషనరేట్‌కు కూడా ఈ కొండ పేరే పెట్టారు. పేరు అందరికీ తెలుసు. కొండ తెలిసినవాళ్లు తక్కువ.

చుట్టు నడకకు కొన్ని పద్ధతులున్నాయి. తెల్లవారేసరికి ఎక్కడం మొదలుపెట్టాలి. ఎండ పెరిగేకొద్దీ చెట్ల నీడ ఉన్న అడుగు బాటకు దిగిపోవాలి. మోదుగ, తునికి, సీతాఫలం చెట్ల మధ్య పశువులు కాసేవాళ్ల బాటలుంటాయి; దారి తప్పామనిపిస్తే వాళ్లనే అడగాలి. తండాల వాళ్లకు ఈ గుట్టల్లో ప్రతి సందూ తెలుసు. బండ మీద నీళ్లు జారిన నల్ల చారల మీద కాలు పెట్టొద్దు, వాన వెలిశాక కూడా అవి నాచుతో జారతాయి. తేనెతుట్టెలున్న చరియ కింద పొగ పెట్టొద్దు, అరవొద్దు. ఎండాకాలం మాట మరిచిపోవాలి, రాయి రాత్రిదాకా సెగ కక్కుతూనే ఉంటుంది.

ఇబ్రహీంపట్నం నుంచి రాచకొండకు వచ్చే దారిలో జాపాల, రంగాపూర్ ఊళ్ల మధ్య ఉస్మానియా విశ్వవిద్యాలయం వేధశాల ఉంది. 1968లో అక్కడ 48 అంగుళాల టెలిస్కోపు పెట్టారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఇక్కడి నుంచే పరిశీలించారు. చీకటి బాగున్న చోటని ఎంచుకున్న ప్రాంతమిది. ఇప్పుడు హైదరాబాద్ నగరం వెలుతురు ఇటే నడిచొచ్చింది. వెలుతురు వెనకే వెంచర్లు, వాటి వెనకే కంకర మిల్లులు. 2014 డిసెంబరులో ఫిల్మ్ సిటీ ఆలోచనతో అప్పటి ముఖ్యమంత్రి హెలికాప్టర్‌లో ఈ గుట్టల మీద తిరిగి చూశారు. పైనుంచి చూస్తే ఇది ఖాళీ జాగా. నడిచినవాళ్లకు ఇక్కడ ఖాళీ కనబడదు. హైదరాబాద్‌లో 1996 నుంచి ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ వాళ్లు జనాన్ని బండల మధ్య నడిపిస్తూనే ఉన్నారు. కాపాడుకోవడం నడకతోనే మొదలవుతుందని వాళ్లకు తెలుసు. చెట్టు నరికితే మళ్లీ నాటొచ్చు. గుండును కంకర చేస్తే మళ్లీ రాదు.

అందుకే నేను కోరేవి రెండు. అటవీ శాఖ, పురావస్తు శాఖ కలిసి రాచకొండ చుట్టూ ఒక కాలిబాట గుర్తించాలి. సిమెంటు మెట్లొద్దు, రెయిలింగులొద్దు, మలుపు మలుపుకూ ఒక బాణం గుర్తు చాలు. రెండోది మనకు. కార్తీకంలో మంచాల మండలం ఆరుట్ల దగ్గర బుగ్గ జాతరకు ఎలాగూ పోతాం. ఈసారి ఇంకో పొద్దు కేటాయించి, పిల్లలను వెంటబెట్టుకుని, నీళ్లు మోసుకుని రాచకొండను పూర్తిగా చుట్టి రండి.