మాధవి కూలి ముక్కెర

కూచిపూడిలో భామాకలాపం ఆడే రాత్రి అందరి కళ్ళూ సత్యభామ మీదే ఉంటాయి. ఉండాలి కూడా. తెర మీదుగా జడ ఇవతలికి వేసి, నన్ను మించి ఆడగలవాళ్ళుంటే రండని సవాలు విసిరే పాత్ర అది. నేను మాత్రం మాధవినే చూస్తుంటాను.

మాధవి సత్యభామకు చెలికత్తె. నీ మొగుడెవరే అని అడుగుతుంది. మొగుడి పేరు నోట అనకూడదు గనక సత్య సిగ్గుపడుతూ, సైగలతో, ఆనవాళ్ళతో చెప్పుకు రావాలి. మాధవికి తెలుసు. తెలిసీ తెలియనట్టు సతాయిస్తుంది. తర్వాత అలిగి వెళ్ళిన కృష్ణుడికి సత్య ఉత్తరం రాస్తుంది. దాన్ని చేరవేయడానికి మాధవి కూలి అడుగుతుంది. మిగతా సొమ్ములు చూపిస్తే మొహం తిప్పుకుంటుంది. ముక్కెర కావాలంటుంది. ముత్తైదువ ముక్కున ఉన్నది తీసివ్వడమంటే మాటలా? సత్య విలవిల్లాడిపోతుంది. జనం పగలబడి నవ్వుతారు. ఈ మాధవి పాత్ర కట్టిన మనిషే కృష్ణుడి దగ్గరికి వెళ్ళేసరికి మాధవుడవుతాడు. అక్కడ మగ స్నేహితుడు, ఇక్కడ ఆడ నేస్తం. రెండు వైపులా నమ్మకస్తుడు, రెండు వైపులా రహస్యం తెలిసినవాడు. ఇరువైపుల రహస్యమూ మోసే ఈ మనిషి మాట ఇద్దరి ముందూ ఒకేలా ఉండదని చూసేవాళ్ళకు తెలుసు, పాత్రలకు తెలియదు. కలాపంలో సగం రుచి అక్కడే ఉంది.

ముఠా చేతిలో చిక్కి వాళ్ళ సరుకు మోసే ఆడదాని సినిమా ఏది చూసినా నాకు ఈ మాధవే గుర్తొస్తుంది. ఒకటే తేడా. మాధవి తన కూలి తను అడిగి పుచ్చుకుంటుంది. ఆ సినిమాల్లో ఆడవాళ్ళకు బేరమాడే అవకాశం ఉండదు.

మా దివిసీమలో టూరింగ్ టాకీసుల రోజులు చూసినవాళ్ళకు ఆ పాత్ర బాగా పరిచయం. ఒకే ప్రొజెక్టరు. రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగేవి. నేల మీద ఆడవాళ్ళ వైపు, మగవాళ్ళ వైపు వేరు వేరు. తెర మీద స్మగ్లర్ల అడ్డాలో ఎర్ర బల్బులు, తిరిగే కుర్చీ, ఆ కుర్చీలో బాస్, చేతిలో గ్లాసు. హీరో గడ్డం అంటించుకుని ఖవ్వాలీ పాడేవాళ్ళ గుంపులో దూరి ఉంటాడు. క్లబ్ డాన్సరు వస్తుంది. ఆమె తమ్ముడో, చెల్లెలో, కన్నబిడ్డో బాస్ గుప్పిట్లో ఉంటారు. అందుకే ఆ పనిలో ఉంది.

ఆ డాన్సరు పాటను కాస్త దగ్గరగా చూద్దాం. ఆమె మొహం బాస్ వైపు ఉన్నంతసేపు నవ్వు. గిర్రున తిరుగుతుంది. వీపు బాస్ వైపు, మొహం మన వైపు వచ్చే ఆ ఒక్క దరువులో నవ్వు పోతుంది. కళ్ళు హీరోను వెతుకుతాయి, రహస్య ద్వారం తెరిచే గోడ మీది మీట వైపు ఒకసారి పోతాయి, వెనక్కి వస్తాయి. మళ్ళీ తిరుగుడు, మళ్ళీ నవ్వు. చేతులు తాళానికి ఆడుతున్నాయి, చూపు సమాచారం చేరవేస్తోంది. బాస్‌కు కనిపించేది ఆట, హీరోకు అందేది కబురు. మధ్యలో ఉన్న మనకు రెండూ తెలుసు. సత్యభామ మొగుడి పేరు నోట అనకుండా చెప్పే పని ఇదే. పేరు పలికితే అక్కడ మర్యాద పోతుంది, ఇక్కడ ప్రాణం పోతుంది.

ఆ సమయానికి రీలైపోయి దీపాలు వెలిగితే ఆడవాళ్ళ నేలంతా గోలే. మా అమ్మమ్మ మరమరాల పొట్లం విప్పుతూ తేల్చేసేది: "ఇది చస్తది. గుండు దీనికే తగులుద్ది. సరుకు ఎక్కడుందో చెప్పిందాకా మాత్రం చావదు." ఒక్కసారి కూడా ఆమె లెక్క తప్పలేదు. గుండు తగిలి హీరో ఒళ్ళో పడ్డ ఆ అమ్మాయికి పూర్తి చిరునామా చెప్పేంత ఊపిరి ఎప్పుడూ మిగిలేది. ఆమె పోతే గాని హీరోయిన్‌కు దారి తెరుచుకోదు. అప్పటి కథారచయితలకు ఆమెను బతికించి ఏం చెయ్యాలో తెలియలేదనుకుంటాను.

చూపుతో ఒకటి, చేతితో ఒకటి చెప్పడం మద్రాసు స్టూడియోల్లో పుట్టలేదు. దాని వెనక మన మేళాల నేర్పు ఉంది. కూచిపూడి నుంచి వెళ్ళిన పసుమర్తి కృష్ణమూర్తి పాతాళభైరవి, మల్లీశ్వరి, మాయాబజార్ సినిమాలకు నృత్యాలు కూర్చారు. ఆ ఊళ్ళోనే పుట్టి, మేళాల్లో ఆడ వేషాలు కట్టిన వేదాంతం రాఘవయ్య 1953లో దేవదాసు తీశారు. గుడివాడ దగ్గర రామాపురంలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు నాటకాల్లో మొదట కట్టినవి ఆడ వేషాలే. పామర్రు మండలం నిమ్మకూరులో పుట్టిన ఎన్టీ రామారావు బెజవాడ కాలేజీలో రాచమల్లుని దౌత్యం నాటకంలో నాగమ్మ వేషానికి మీసం తీయనని మొండికేసి మీసాల నాగమ్మ అనిపించుకున్న కథ తెలియని తెలుగువాడుండడు. స్టేజీ ఎక్కే ఆడవాళ్ళు దొరకని కాలంలో ఈ కృష్ణ గట్టున మగవాళ్ళు ఆడదాని చూపును, నడకను, దాపరికాన్ని విద్యగా నేర్చారు. తర్వాత ఆ విద్య సినిమాలో నిజం ఆడవాళ్ళ చేతికి వచ్చింది. వచ్చాక వాళ్ళకు దక్కిన వేషాలు ఇలాంటివి.

బాస్ కుర్చీలో కూర్చున్నవాడు కూడా ఎక్కువసార్లు మనవాడే. గుడివాడ దగ్గర కౌతవరంలో 1935లో పుట్టిన కైకాల సత్యనారాయణ గుడివాడ కాలేజీలో డిగ్రీ చదివి మద్రాసు వెళ్ళారు. 1959లో సిపాయి కూతురుతో హీరోగా మొదలై, పోలికలు కలవడం వల్ల ఎన్టీఆర్‌కు డూపుగా చేసి, విఠలాచార్య చలవతో విలన్ అయ్యారు. ఆయన గొప్పతనం అరుపులో కన్నా అనుమానంలో ఎక్కువ కనిపిస్తుంది. డాన్సరు వంక చూసి కనుబొమ ఒక్క పిసరు ఎత్తేవారు. అంతే, నేల క్లాసంతా నీళ్ళు నమిలేది. ఎదుట అంత గట్టి పహరా ఉంటేనే ఆడదాని దొంగచూపుకు విలువ. 1996లో బందరు జనం ఆయన్ని లోక్‌సభకు పంపారు. తెర మీద స్మగ్లింగ్ చేసినవాడని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

ఈ పాత్రను పక్క నుంచి మధ్యకు తెచ్చే ప్రయత్నాలు అప్పట్లోనే జరిగాయి. 1970లో కె.ఎస్.ఆర్. దాస్ రౌడీ రాణి తీసి విజయలలిత చేతికి తుపాకీ ఇచ్చారు. ఆడది దెబ్బ తిని తిరగబడి వేటాడే కథ. జనం విరగబడి చూశారు. ఆ సినిమా ఇచ్చిన ధైర్యం చిన్నదేం కాదు. కాకపోతే తుపాకీ చేతికొచ్చాక దొంగచూపుతో పని లేకపోయింది.

దొంగచూపు ఏం చేయగలదో తెలియాలంటే హిందీ డాన్ (1978)లో హెలెన్ ఘట్టం చూడండి. డాన్‌ను పోలీసులు వచ్చేదాకా ఆపాలి. ఆమె ఆడుతూ పాడుతూ అతని రివాల్వర్‌లో గుళ్ళు తీసేస్తుంది. పాట మొత్తం కాలయాపన. ప్రతి చరణం కొన్ని నిమిషాల కొనుగోలు. ఆ నిమిషాలకు ఆమె ప్రాణంతో ధర కట్టింది. డాన్‌ను తెలుగులో ఎన్టీఆర్‌తో 1979లో యుగంధర్‌గా తీసింది మళ్ళీ కె.ఎస్.ఆర్. దాసే. పగతో ముఠాలో చేరే అమ్మాయి వేషం జయసుధది. 2009 బిల్లాలో ఆ వేషం అనుష్కకు వచ్చింది. లోపల పగ, బయట విధేయత, మధ్యలో పొరపాటున పుట్టే ప్రేమ. ఎంత పలచగా తీసినా అందులో మాధవి మాధవుడవడం ఉంది.

తొంభైల్లో దారి వేరైంది. కృష్ణవంశీ గులాబీ (1995)లో ఆడపిల్లల్ని దుబాయ్‌కి అమ్మే ముఠా వచ్చింది. రాజేష్ టచ్‌రివర్ నా బంగారు తల్లి మన పక్క డెల్టా అమలాపురం పిల్ల కథ. ఆ పిల్ల ఆ ఉచ్చులో పడింది కన్నతండ్రి వల్లే. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకుంది. అందులో డాన్సులు, మీటలు, రహస్య ద్వారాలు లేవు. తప్పించుకునే దారి కనిపించని ఇళ్ళు, గదులు ఉన్నాయి. ఆ సినిమా చూశాక పాత అడ్డా పాటలు చూడటం కొన్నాళ్ళు నా వల్ల కాలేదు.

బయట దేశాలవాళ్ళు ఇలాంటి కథను కెమెరాతో మోశారు. మెక్సికోలో గెరార్డో నరాంజో 2011లో మిస్ బాలా తీశాడు. అందాల పోటీకి వెళ్ళాలనుకున్న అమ్మాయిని మాదకద్రవ్యాల ముఠా పట్టుకుని తన పనులకు వాడుకుంటుంది. కెమెరా ఆమె వెనకే నడుస్తుంది, కట్ లేకుండా చాలాసేపు. ఆమెకు కనిపించనిది మనకూ కనిపించదు. కాల్పులు చాలా వరకు చెవికే. మరియా ఫుల్ ఆఫ్ గ్రేస్ (2004)లో గులాబీ తోటలో పని మానేసిన కొలంబియా పిల్ల మత్తుమందు ఉండలు అరవై రెండు మింగి విమానం ఎక్కుతుంది. సరుకు కడుపులోనే ఉంది కాబట్టి దాచడానికి వేరే చోటు అక్కర్లేదు, పారేయడానికీ వీల్లేదు. మన పద్ధతిలో ప్రేక్షకుడికి పాత్ర కన్నా ఎక్కువ తెలుసు. వాళ్ళ పద్ధతిలో పాత్రకు తెలిసినంతే. భయం వాళ్ళదే ఎక్కువ. కుట్రలో భాగమైన సరదా మాత్రం మన పద్ధతిలోనే ఉంది, దాన్ని వదులుకోవడం నాకిష్టం లేదు.

2025 సెప్టెంబరులో అనుష్క మళ్ళీ ముఠా కథలోకి వచ్చింది. క్రిష్ జాగర్లమూడి తీసిన ఘాటి. కథ చింతకింది శ్రీనివాసరావుది, మాటలు బుర్రా సాయిమాధవ్‌వి. తూర్పు కనుమల్లో గంజాయి మూటలు కొండలు దాటించే కూలీలను ఘాటీలంటారు. కథానాయిక పేరు శీలావతి. అది ఆ కొండల్లో పండే ఒక గంజాయి రకం పేరు కూడా. మనిషికీ సరుకుకీ ఒకే పేరు పెట్టడం నాకు చాలా నచ్చింది. ఆమె బస్సు కండక్టరు కావడం ఇంకా నచ్చింది. అందరి మూటలూ చూసేది, ఎవరి మూటలో ఏముందో అడగదగ్గది. పహరా కాసే ఉద్యోగంలో ఉన్న ఘాటీ. మాధవికి ఇంతకన్నా మంచి వేషం ఎవరు కడతారు?

దర్శకుడు ఆ వేషాన్ని తొందరగా వదిలేశాడు. ప్రియుణ్ణి చంపాక శీలావతి కత్తి పట్టింది. తర్వాత తలలు తెగుతూ పోయాయి. అనుష్క నిలబడితే తెర నిండుతుంది, అందులో సందేహం లేదు. కానీ దాచడానికి ఏమీ లేని మనిషి మొహంలో మనం వెతుక్కునేదేముంటుంది? సినిమా ఆశించినంత ఆడలేదు. కారణాలు నలుగురూ నాలుగు చెప్పారు.

కత్తి దాకా పోయే శీలావతులు నిజంలో ఎంతమంది ఉంటారో గాని, మూటతో దొరికిపోయేవాళ్ళ కథలు పేపర్లో చూస్తూనే ఉంటాం. 1985 మాదకద్రవ్యాల చట్టం తూకం చూస్తుంది. గంజాయి కిలో దాకా చిన్న మొత్తం. ఇరవై కిలోలు దాటితే వాణిజ్య మొత్తం, పదేళ్ళకు తగ్గకుండా ఇరవై ఏళ్ళ దాకా కఠిన శిక్ష, పైన కనీసం లక్ష జరిమానా. బెయిలు కష్టం. మూటలో ఏముందో తెలియదంటే, తెలియదని నిరూపించుకోవాల్సింది మోసినవాళ్ళే. బాస్ తిరిగే కుర్చీ ఆ మూట దరిదాపుల్లో ఉండదు. మా అమ్మమ్మ లెక్కలో గుండు డాన్సరుకే తగిలేది. చట్టం లెక్కలో కూడా మొదటి దెబ్బ మోసినదానికే. పాత సినిమాలవాళ్ళు తెలిసి తీశారో తెలియక తీశారో గాని, ఈ ఒక్క విషయంలో తప్పు చెప్పలేదు.

ఘాటి చూసింది గుడివాడలో, మ్యాట్నీ. తిరిగి పామర్రు మీదుగా అవనిగడ్డ బస్సెక్కాను. కూచిపూడి దాటాక కండక్టరు నడవలో అడ్డంగా ఉన్న గోనె సంచీని కాలితో తట్టి అడిగాడు.

"ఇదెవరిదమ్మా?"

పలికేవాళ్ళు లేరు. రెండోసారి గట్టిగా అడిగితే కిటికీ పక్కనున్న పెద్దావిడ తల తిప్పింది.

"నాది కాదు బాబూ. మావూళ్ళో ఒకళ్ళకిమ్మని ఎక్కించారు."

"ఏముంది అందులో?"

"నన్నడగమాకు. ఇచ్చింది తెస్తన్నా."

బస్సంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. కండక్టరు సంచీని ఒక చేత్తో ఎత్తి బరువు చూసి, లగేజీ టిక్కెట్టు కొట్టి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ కొంగు ముడి విప్పి, చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది.