జింక తానే తీసుకున్న ఫొటో

నవంబరు 13, 14 తేదీల సాయంత్రాలు మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్ మీదుగా ఉత్తరానికి పోయే ఐ-75 రహదారిని చూస్తే, సంక్రాంతికి హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే దారి గుర్తొస్తుంది. పికప్ ట్రక్కుల వెనక నిచ్చెనలు, ఐస్ పెట్టెలు, నారింజ రంగు కోట్లు. 15న మిషిగన్‌లో తుపాకీతో జింకల వేట మొదలవుతుంది. ఉత్తరాన చాలా ఊళ్లలో ఆ రోజు బడికి సెలవే.

ట్రాయ్‌లో ఇళ్లు కట్టుకున్న మన తెలుగువాళ్లకి తెల్లతోక జింకంటే పెరట్లో తులిప్ మొగ్గలు కొరికేసే దొంగ. లేదంటే చీకట్లో కారుకి అడ్డం పడే గండం. (జింక అంటున్నాను గానీ, ఏటేటా కొమ్ములు రాల్చి కొత్తవి మొలిపించుకునే ఈ జీవి మన దుప్పికి చుట్టం. కొమ్ములు రాల్చని కృష్ణజింకది వేరే కుదురు.) మా పక్కింటాయన ట్రక్కులో మాత్రం తుపాకీ ఒక్కటే, కెమెరాలు తొమ్మిది.

వాటిలో ఎనిమిది చెట్లకు కట్టేవి. ఒంటి వేడినీ కదలికనీ పసిగట్టి వాటంతటవే ఫొటో తీసే ట్రైల్ కెమెరాలు. కట్టడంలోనే ఉంది పనితనమంతా. నడుమెత్తున కట్టాలి, ఉత్తరానికి తిప్పాలి. లేకపోతే పొద్దు నేరుగా కళ్లలో పడి బొమ్మ తెల్లబోతుంది. తోవకి అడ్డంగా పెడితే తోక తప్ప జింక దొరకదు. కాస్త ఏటవాలుగా, తోవ వెంబడి చూసేట్టు పెట్టాలి. ఎదకొచ్చే కాలంలో మగజింక నేలను గిట్టలతో గీరి మూత్రం పోస్తుంది. దానిమీద వేలాడే కొమ్మను నాకి, మొహం రుద్ది వాసన అంటిస్తుంది. ఆ చోటికి చుట్టుపక్కల మగజింకలన్నీ వచ్చి పోతుంటాయి. మన ఊళ్లో రచ్చబండ లాంటిదన్నమాట. కెమెరాకి అంతకన్నా మంచి చోటు లేదు.

ఫొటోలు దాచే కార్డు తీసుకోవడానికి వెళ్లేది మిట్టమధ్యాహ్నం, రబ్బరు బూట్లు తొడుక్కుని, గాలివాటం చూసుకుని. బొమ్మలో కొమ్ముల్ని చూసి మురిసిపోయేవాడు కొత్తవాడు. పాతకాపు ముందు బొమ్మ పడిన వేళ చూస్తాడు. అన్నీ అర్ధరాత్రి బొమ్మలే అయితే జింక పగలు పడుకునే చోటు దూరాన ఉన్నట్టు. పొద్దుగూకే వేళకే కనిపిస్తే ఆ చోటు ఎక్కడో దగ్గర్లోనే ఉంది. అప్పుడు మంచె ఎక్కడ కట్టాలో తేలుతుంది.

తొమ్మిదో కెమెరా మంచె మీదిది, విల్లుతో వేటాడే రోజులకి. చెట్టుకి బిగించిన ఇనప చేతికి తగిలించి, ఒక చేత్తో దాన్ని తిప్పుతూనే విల్లు అందుకోవాలి. వేటని ఇలా వీడియో తీయడం గొప్పకోసం అనుకునేవాణ్ణి, కొంత నిజమే కూడా. కానీ బాణం వదిలిన క్షణంలో గుండె దడకి కళ్లు అబద్ధం చెబుతాయి. వీడియో వెనక్కి తిప్పి చూస్తే బాణం ఎక్కడ తగిలిందో తెలుస్తుంది. ఊపిరితిత్తుల్లోనైతే అరగంట ఆగి వెతికితే చాలు. కాలేయంలోనైతే గంటలకొద్దీ ఆగాలి. పేగుల్లోనైతే ఇంకా ఎక్కువ, తరచు రాత్రంతా. తొందరపడి తరిమితే గాయపడ్డ జీవి లేచి అందనంత దూరం పోయి ఎక్కడో చస్తుంది. ఇంకో చిక్కు ఉంది. చట్టం ఒప్పుకునే వేళ ఇంకా మిగిలి ఉండగానే కెమెరాకి వెలుతురు చాలదు. అప్పుడు ఎదురుగా నిలబడ్డ జింకని వదిలేస్తానంటాడాయన. మొదట్లో నేను నమ్మలేదు, ఓ సాయంత్రం పక్కన కూర్చున్నాకే నమ్మాను.

ఈ విద్య పుట్టిందీ ఈ రాష్ట్రంలోనే అనొచ్చు. జార్జ్ షైరాస్ పెన్సిల్వేనియా వకీలు, ఒక దఫా అమెరికా కాంగ్రెసు సభ్యుడు. ఎగువ మిషిగన్‌లో మార్కెట్ పట్టణం దగ్గర వైట్‌ఫిష్ సరస్సు ఆయన వేటస్థలం. (మార్కెట్ అంటే సంత కాదు, ఊరి పేరే అది.) పడవ ముందు దీపం పెట్టుకుని, ఒడ్డున మెరిసే కళ్లని గురిచూసే రాత్రివేట ఒజిబ్వే ఆదివాసులది. షైరాస్ అదే పడవలో, అదే దీపంతో, తుపాకీ బదులు మెగ్నీషియం పొడి మండించి ఫొటో తీశాడు. తర్వాత తోవకడ్డంగా దారం కట్టాడు. జింక తగిలితే దాని ఫొటో అదే తీసుకుంటుంది. ఉచ్చు కట్టే తెలివే, చావు మాత్రం లేదు. ఆ రాత్రి బొమ్మలకి 1900 పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. 1906 జులైలో నేషనల్ జియోగ్రాఫిక్ ఆయన ఫొటోలు 74 అచ్చేసింది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ఆగిన మన నల్లమలలోనూ ఆ దారానికి వారసులైన కెమెరాలున్నాయి, పులుల్ని గుర్తుపట్టడానికి. అక్కడ తోవకి అటొకటి ఇటొకటి జంటగా కడతారు, పులికి రెండు పక్కల చారలు ఒకలా ఉండవు గనక.

ఇప్పుడు ఫొటోని అప్పటికప్పుడు ఫోనుకి పంపే కెమెరాలొచ్చాయి. జింక వచ్చినట్టు కబురందాక బయల్దేరేది వేటా అని వేటగాళ్లలోనే తగవు. ఎడారి రాష్ట్రం అరిజోనా 2022 నుంచి వేటకి ట్రైల్ కెమెరాలనే నిషేధించింది. అక్కడ నీటిగుంట ఒక్కటుంటే నాలుగు దిక్కుల జీవాలూ అక్కడికే రావాలి మరి. నాకూ ఆ ఫోను కబురు నచ్చలేదు. కార్డు కోసం నాలుగు మైళ్లు నడిచినవాడికి దారిలో పెంటికలు, కొత్త అడుగులు, ఎండిన ఓక్ కాయలు కనిపిస్తాయి. ఫోను చూసేవాడికి జింక ఒక్కటే కనిపిస్తుంది.

పక్కింటాయన సీజన్ అయ్యాక కూడా కెమెరాలు విప్పడు, ఎవరు మిగిలారో చూడాలంటాడు. మొన్న జనవరి కార్డులో, నవంబరులో వెలుతురు చాలక వదిలేసిన మగజింక కనిపించింది. ఒక కొమ్ము రాలిపోయింది, రెండోది ఇంకా ఉంది. మంచులో ముక్కు ముంచి కెమెరా కేసే చూస్తోంది.